సరళ అడిగే ప్రశ్నలు

4 నవంబర్ 1968, సోమవారం

ఈ పెన్ను సరళది. టేబుల్ మీద మరచిపోయి ఆస్పత్రికి వెళ్ళింది. ఎంబీబీఎస్ పాసైనప్పుడు వాళ్ళ నాయన కొనిచ్చిందట. మూర్ఛ పేషెంట్లు చెప్పే ప్రతి ముక్కా దీంతోనే రాసుకుంటుంది. కొన్నాళ్ళు నాకు పని చేయనీ. ఆమె వెతుక్కుంటుంది. వెతుక్కోనీ.

5 నవంబర్

మళ్ళీ మల్లేశే. పప్పన్నంలో మల్లేశ్, చారులో మల్లేశ్, మజ్జిగలోకి వచ్చినా మల్లేశ్. సరళ దగ్గరికి రామంతాపూర్ నుంచి వచ్చే పేషెంటు, ఇరవై దాటిన మనిషి. వేడినీళ్ళతో తలస్నానం చేస్తే ఫిట్స్ వస్తాయట. నెత్తిన వేడినీళ్ళు పడితేనే. చన్నీళ్ళయితే ఏమీ కాదు.

"గిట్లాంటిది నేను చదివిన ఏ పుస్తకంల లేదు, తెలుసా మీకు" అంది సరళ. ఆ కళ్ళలో మెరుపు పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు నేను.

తెలుసు. మజ్జిగ తాగి లేచాను.

7 నవంబర్

క్లాసు తొందరగా అయిపోయింది. సరళను తీసుకొద్దామని క్యాంపస్ నుంచి స్కూటర్ మీద నేరుగా ఆస్పత్రికి. ఆమె గది తలుపు సగం తెరిచి ఉంది. మల్లేశ్ స్టూలు మీద, ఈమె ఎదురుగా, దాదాపు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా.

"ముందుగాల ఏమనిపిచ్చింది? ఏదన్న వాసన వచ్చిందా? తొందరేం లేదు. యాది చేసుకొని చెప్పు."

"మంచిగనే అనిపిస్తది మేడం. ఇంక పోసుకోవాలె, ఇంక పోసుకోవాలె అనిపిస్తది. తర్వాత ఏం యాదికుండదు."

పెన్ను లేదు కదా, పెన్సిలుతో రాస్తోంది. వాడు తడబడితే ఆగుతోంది. వాడు ఊరుకుంటే తనూ ఊరుకుంటోంది. అంత ఓపిక ఆమెకు ఉందనే నాకు తెలియదు.

నాలుగేళ్ళ కాపురం. నన్ను అడిగే ప్రశ్నలు — పాలు పోయించుకున్నరా, కిరసనాయిలు తెచ్చిన్రా, స్కూటర్ రిపేరుకిచ్చిన్రా. ఏమనిపించింది అని ఏనాడైనా అడిగిందా?

అసూయగా ఉంది. ఒక జబ్బు మనిషి మీద. రాసేశాను, ఇక కొట్టెయ్యను.

10 నవంబర్, ఆదివారం

ఎప్పటిలాగే గడియ వేసుకున్నాను. రాగి అండా నిండా నీళ్ళు, మంచి కాక మీద. నాలుగు చెంబులు పడ్డాయో లేదో — మొదలైంది. నడినెత్తి నుంచి ఒళ్ళంతా ఒక హాయి. అది ఆగకూడదని మళ్ళీ ముంచి పోసుకోవడం... మళ్ళీ... చెయ్యి నా మాట వినదు. ఆ తరువాత ఏమీ లేదు. కళ్ళు తెరిచేసరికి చెంప కింద తడి బండ, మూలకు దొర్లిన చెంబు, కనుబొమ మీద నెత్తురు.

"సబ్బు మీద కాలు జారింది" అన్నాను.

సరళ గాయం కడిగింది, మందు రాసింది. "కుట్లు అక్కర లేదు" అంది. చూసిందల్లా గాయాన్నే.

చిన్నప్పుడు నంద్యాలలో అమ్మ తలంటి పోస్తుంటే ఇట్లాగే అయ్యేది. పరుగున వచ్చి ఇనప తాళంచెవుల గుత్తి నా పిడికిట్లో పెట్టేది. "ఏం గాదులే నాయనా, దిష్టి తగిలుంటాది" అనేది. తరువాత హాస్టల్లో అన్నేళ్ళూ చన్నీళ్ళే. ఒక్కసారీ రాలేదు. పోయిందనే అనుకున్నాను. పెళ్ళయి తార్నాకలో ఇల్లు తీసుకున్నాక అత్తగారు అండా పంపారు. చలికాలం వచ్చింది. ఇదీ వచ్చింది.

చన్నీళ్ళే పోసుకోవచ్చు కదా అంటే... ఆ హాయి ఎరగని వాళ్ళు అనే మాట అది.

అంటే నల్లకుంట నుంచి మల్కాజ్‌గిరి దాకా సరళ గాలిస్తున్న రకం మనిషి ఆమె స్నానాలగదిలోనే ఉన్నాడు. చెప్పను. చెబితే మొగుడన్న ఉద్యోగం పోయి కేసునవుతాను. పేషెంట్లను సైకిల్ కూడా ఎక్కనివ్వదు, నా స్కూటర్ తాళాలు ముందు లాక్కుంటుంది. పేరు ఆమెకు, మాత్రలు నాకు.

13 నవంబర్

మా ఆర్ట్స్ బిల్డింగులో సరళ ఉపన్యాసం. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి "డాక్టర్ సరళగారి భర్త" అన్నారు. ఎనిమిదేళ్ళుగా నేను ఎకనామిక్స్ చెబుతున్నది ఆ పైఅంతస్తులోనే.

బాగా మాట్లాడింది. చాలా బాగా. అదే బాధ. ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో ఏమీ కుక్కకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి చాలు, అంది. చిన్నప్పుడు బడిలో తన పక్కన కూర్చునే పిల్లకు మూర్ఛ వచ్చిందట. మర్నాటి నుంచి ఆ పిల్లను రానివ్వలేదట. ఖాళీ అయిన ఆ చోట వేరే ఎవరినీ కూర్చోనివ్వలేదట సరళ. డాక్టర్ కావాలని అప్పుడే అనుకుందట.

ఆ సంగతి నాకెన్నడూ చెప్పలేదు. ఊరందరితో పాటు విన్నాను.

చివర్లో వేడినీళ్ళ మాట ఎత్తింది. ఆస్పత్రిలో వాళ్ళ డిపార్ట్‌మెంట్ హెడ్ లేచాడు, పెద్దాయన. "సరళమ్మా, నెత్తిన నీళ్ళు పోసుకుంటే ఫిట్స్ వచ్చేటట్టుంటే ఆదివారం హైదరాబాద్ మొత్తం పడిపోవాలె గదా" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుండగా సరళ చూసింది.

14 నవంబర్

సగంలో ఆగిన నా పీహెచ్‌డీ థీసిస్ తెరిచాను. మూశాను.

16 నవంబర్, శనివారం

ఆస్పత్రిలో మెదడు గీతలు గీసే మిషన్ ఉంది. తలకు వైర్లు అంటించి, వేడినీళ్ళు పోసి, ఫిట్స్ వస్తున్నప్పటి గీతలు పట్టుకోవాలని సరళ పట్టుదల. "గీతలు చూపియ్యి, నమ్ముత" అన్నాడట హెడ్. మిషన్ ఆమెకు ఇచ్చేది శనివారాలే. అదీ ఈ నెలాఖరు దాకానే. ఆ తరువాత ఈ నీళ్ళ గొడవ కట్టిపెట్టమన్నాడు.

"మల్లేశ్ ఒప్పుకున్నడు. వచ్చే శనివారం" అంది. నన్ను నవ్వు గురించి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

20 నవంబర్

పెన్ను కోసం మంచం కింద కూడా చూసింది. "నాయన ఇచ్చింది. అది లేకుంటే చెయ్యి ఆడుతలేదు" అంది. నేను పేపరు చదువుతున్నాను. చదువుతూనే ఉన్నాను.

23 నవంబర్, శనివారం

మల్లేశ్ తల్లి ఎల్లమ్మ వచ్చిందట, మిషన్ గదిలోకే. వైర్లు పీకేసిందట.

"మందియ్యమని వస్తే మూర్ఛ తెప్పిస్తమంటరేంది డాక్టరమ్మా? నా కొడుకు మీద నీళ్ళు వొయ్యనియ్య" అందట. కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

"ఆమెను ఏమనాలె? నేనే తల్లినైతే నేనూ గంతే" అంది సరళ.

హాయిగా ఉంది. పచ్చి నిజం. వీధి చివరికి వెళ్ళి వేడివేడి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకొచ్చాను. ఓదార్చడానికి తెచ్చాననుకుంది. "మీరు మంచోళ్ళు" అని ఒకటి తీసుకుని, సగం తిని పక్కన పెట్టింది. ఆ సగం నేను తినలేకపోయాను.

24 నవంబర్, ఆదివారం

తలస్నానం చేయలేదు. జలుబు అన్నాను.

26 నవంబర్

మల్లేశ్ లేని పప్పు ఇంత చప్పగా ఉంటుందనుకోలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగింది, అంతే. నాకు కావలసింది ఇదే కదా — వాడు పోయాడు, ఇక నేనొక్కణ్ణే. కానీ నా ఎదురుగా కూర్చున్న మనిషి నన్నే కాదు, కంచాన్ని కూడా చూడటం లేదు.

"ఇంకొక్కరు దొరికినా చాలు. ఒక్కరు" అంది గోడతో.

మిషన్ అవసరం లేదని శుక్రవారం హెడ్‌కు చెప్పేస్తుందట. ఆ తరువాత అందరిలాగే జలుబులూ జ్వరాలూ చూసుకుంటుందట. బడిలో ఖాళీగా ఉంచిన ఆ చోటు గుర్తొచ్చింది. అక్కడ కూర్చోవలసింది నేనేనేమో అనిపించింది. వెంటనే కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

28 నవంబర్, గురువారం, సాయంత్రం

అనేశాను.

టీ తాగుతున్నాం. నోరు దానంతటదే తెరుచుకుంది. "నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. వేడినీళ్ళు నెత్తిన పోసుకుంటే..."

గ్లాసు దించింది. "ఎవరాయన? ఏడ ఉంటడు?"

"ఇక్కడే. తార్నాకలోనే."

"పడిపోతడా? చిన్నప్పటి నుంచా?" కుర్చీ దగ్గరికి లాక్కుంది. మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. "ముందుగాల ఏమనిపిస్తదట ఆయనకు? తొందరేం లేదు. యాది చేసుకొని చెప్పండి."

ఆ గొంతే. మల్లేశ్‌ను అడిగిన గొంతే. ఆ కళ్ళే. నన్నే చూస్తున్నాయి. కానీ నా కోసం కాదు, ఆ ఒకాయన కోసం. నేను కల్పించిన ఆ తార్నాక మనిషి మీద నాకు అప్పుడే కడుపు మండింది.

"హాయిగా ఉంటుందట" అన్నాను. "ఆగకూడదనిపిస్తుందట. చెయ్యి మాట వినదట. లేచేసరికి బండ మీద..."

నా కనుబొమ వైపు చూసింది. ఒక్క క్షణమే. చూసిందో, నాకే అలా అనిపించిందో.

"ఆగండి. రాసుకోవాలె. పెన్సిల్ ముక్క కూడ అయిపోయింది. గా పెన్ను ఏడ పోయిందో..." అంటూ లేచింది.

లోపలి గదిలో సొరుగులు లాగుతోంది. బట్టల బీరువా తెరిచింది. ఆమె వెతుకుతుండగానే ఇది రాస్తున్నాను.

"ఎల్లుండి శనివారం ఆయన వస్తడా?" అక్కణ్ణుంచే అడుగుతోంది. "ఒప్పుకుంటడా? పేరేందన్నరు?"

పేరు చెప్పలేదు ఇంకా.

"ఏమండీ, పెన్ను గాని చూసిన్రా?"

అడుగులు ఇటే వస్తున్నాయి. పెన్ను నా చేతిలోనే ఉంది —