చెయ్యి తీస్తే ఎగిరే ముల్లు

అన్నయ్యా, ఇక్కడ నేను కులాసా. నా హామ్ రేడియో మూగబోయిందని బెంగపడకు, దాని జబ్బేమిటో దొరికింది. యాంటెన్నా ట్యూనర్‌ను ఎడమచేత్తో పట్టుకుని నాబ్ తిప్పితే, యాంటెన్నాలోకి పోకుండా వెనక్కొచ్చే పవర్ చూపే ముల్లు బుద్ధిగా సున్నాకి దిగేది. చెయ్యి తీసి మైకు అందుకోగానే ఎగిరి కూర్చునేది. పెరట్లో బట్టలారేస్తున్న ఇంటావిడ కిటికీలోంచి చూసి, "నువ్వు ముట్టుకుంటేనే మాట వింటోందే అమ్మాయ్" అంది. అప్పుడు వెలిగింది. ఎర్తు సరిగా లేక నా ఒళ్లే ఎర్తయి కూర్చుంది. ఎర్తు కోసం పెరడంతా రాగితీగలు పరిచాను, ఇప్పుడు చెయ్యి తీసినా ముల్లు కదలడంలేదు. పట్టుకుని తిప్పడం నువ్వు నేర్పిన అలవాటే, నీ ట్యూనర్ మీంచి కూడా ఒకసారి చెయ్యి తీసి చూడు.

వదిన దగ్గు తగ్గిందా? నా పాత హెడ్‌ఫోను పంపు.

ఆదివారం సాయంత్రం రేడియోలో ఎనభై మీటర్ల బ్యాండు మీద పిలుస్తాను, అమ్మను పక్కన కూర్చోబెట్టుకో. నా దండాలు నువ్వు చెప్పకు, నేనే చెప్పుకుంటాను.

నీ చెల్లి