మూసే కండ, తెరిచే కండ

భద్రాచలం,
ఆగస్టు, 2003

మా బంగారు యశోదక్కా,

అక్షరాలు వంకరగా ఉన్నాయని భయపడకు. వానకు నానిన బండ మీద కాలు జారి కుడి మణికట్టు విరిగింది. ఎడమచేత్తో రాస్తున్నాను. నువ్వు ఖమ్మంలో కూర్చుని కంగారు పడాల్సిందేమీ లేదు.

నా పరిశోధన ఏమిటని పోయినసారి అడిగావు. నవ్వకుండా చదువు. దసలిపట్టు గూళ్లలోంచి వచ్చే రెక్కలపురుగుల్లో మగదాని అంగం ఎలా ఉంటుందో, దాన్ని ఏ కండలు కదిలిస్తాయో మైక్రోస్కోపు కింద కోసి చూసి బొమ్మలు గీయాలి. నిజంగా అదే! పొట్ట చివర రెండు రేకులు దోసిలిలా ఉంటాయి, వాటిపైన ఒక కొక్కెం. వాటితో ఆడదాన్ని బిగించిందంటే మగది ఇక వదలదు. గుడ్ల కోసం మేం జంటల్ని విడదీస్తాం. తొందరపడి లాగితే ఆడదాని కడుపు చినిగిపోతుంది. నా చేతిలో మొదటిసారి అలా జరిగినప్పుడు ఆ పూట అన్నం ముట్టలేకపోయాను.

రేకును మూసే కండ లావుగా ఉంటుంది. తెరిచే కండ దారప్పోగంతే. ఇన్నాళ్లూ కళ్లు పోగొట్టుకుని నేను కనిపెట్టింది ఇదీ.

ఇక దీనితో సరి. సోమవారం మా ఆయన రమణ వచ్చి నన్ను ఊరికి తీసుకెళ్తాడు. పెళ్లయిన ఆడది మగపురుగుల అంగాలు గీస్తోందని అందరూ నవ్వుతున్నారట, ఆయనకు తల కొట్టేసినట్టుగా ఉందట. నేను గీయకపోతే ఎవరి కొంపా మునగదు. చదువు మానేస్తానని నా పరిశోధన చూసే సారుకు చెప్పేస్తాను.

నీ చెల్లెలు
ప్రమీల


టేకులపల్లి,
సెప్టెంబరు, 2003

అక్కా, నా తల్లీ,

నేను జారిపడలేదు. చేయి రమణ విరిచాడు. "గీ చేత్తోనేనా గీసేది?" అని అడిగి, గడప మీద పెట్టించి కాలితో తొక్కాడు. నిజం రాస్తే నువ్వొచ్చి వాణ్ని తంతావు, నువ్వు వెళ్లాక వాడు నన్ను చంపుతాడు. అందుకే నెపం బండ మీదికి నెట్టాను.

సోమవారం వచ్చాడు. నేను బట్టలు సర్దలేదు, సారుకూ చెప్పలేదు. ఎడమచేత్తో చివరి బొమ్మ గీస్తున్నాను. వాడు బొమ్మలన్నీ చింపేశాడు. పురుగుల సీసాలు నేలకేసి కొట్టాడు. అడ్డం వెళ్తే జుట్టు పట్టుకుని నా ముఖాన్ని బల్లకేసి బాదాడు. పెదవి చిట్లి రక్తం కారింది. అరుస్తానేమోనని ముక్కూ నోరూ కలిపి అరచేత్తో గోడకు నొక్కాడు.

"సచ్చేదాక ఇడువ నిన్ను" అన్నాడు.

వదిలేలా లేడు. ఊపిరాడక కళ్లు మసకబారాయి. అప్పుడు నాకు దేవుడు గుర్తుకు రాలేదక్కా, మూసే కండ గుర్తుకొచ్చింది. పురుగులో దాన్ని సూదితో తెంపితే చాలు, దారప్పోగంత తెరిచే కండ కూడా రేకును తెరిచేస్తుంది. మనిషి చేతిలో అది బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉంటుంది. సరిగ్గా నా పళ్ల దగ్గరే ఉంది. కరిచాను. తెగేదాకా కరిచాను. చేయి తెరుచుకుంది. వాడు గావుకేకలు పెడుతూ పరుగెత్తాడు. నోట్లో ఉన్నది నేను ఉమ్మేశాను. ఎవరి రక్తమో తెలియలేదు.

నిన్న మన భీమయ్య మామ ఇంటి ముందు పెద్దమనుషులు కూర్చున్నారు. పెళ్లాం కాపురానికి రావడం లేదని రమణే పంచాయితీ పెట్టించాడు, అందుకే ఊరికి వచ్చాను. వాడి చేతికి ఇంత లావు కట్టు.

"చేతికి ఏందిరా?" అన్నాడు మామ.

"కుక్క కరిసింది."

దవాఖానాలోనూ అదే చెప్పాడట. పెళ్లాం కరిచిందనడానికి సిగ్గుపడి బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకుంటున్నాడు!

"కుక్క కాదు మామా, నేనే కరిసిన" అన్నాను.

రమణ ఎగిరి లేచాడు. "ఇన్నరా? మొగుణ్ని కరిసేటిది ఆడదేనా?"

మామ చిట్లిన నా పెదవిని, నా చేతికున్న కట్టును చూశాడు. "అవ్, కరిసింది. గని నీ చెయ్యి దాని నోటికాడికి ఎందుకు పోయిందిరా? బువ్వ తినిపిస్తున్నవా?"

ఎవరూ నవ్వలేదు. రమణ కట్టున్న చేతిని వెనక్కి దాచుకున్నాడు. నాకు ఇష్టం లేని కాపురానికి నన్ను పంపేది లేదని మామ చెప్పేశాడు.

రేపు పొద్దున భద్రాచలం బస్సెక్కుతున్నాను. బొమ్మలన్నీ మొదటి నుంచి గీయాలి, నువ్వు వచ్చేటప్పుడు మంచి పెన్సిళ్లు తెచ్చిపెట్టు. రమణ డాక్టరు దగ్గర ఇప్పటికీ కుక్కే అంటున్నాడట. మిగిలిన సూదులు కూడా వేయించుకోనీ.

నీ కరిచే చెల్లెలు
ప్రమీల