గోడ మీది అక్షరాలు

రింగు డాక్టరు గారికి,

నమస్కారం. శనివారం పోటీలో ఎర్ర గ్లవ్స్ తొడుక్కోబోయే బాక్సరు భార్యను నేను. ఈ ఉత్తరం సంగతి ఆయనకు తెలియదు. మీరూ చెప్పకండి.

ఈ పోటీ కోసం ఊరు ఊరంతా ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. టికెట్లు దొరకనివాళ్లు మా గుమ్మం ముందే తచ్చాడుతున్నారు. పాలు పోసే అతను కూడా "అన్న మూడో రౌండులోనే పడగొట్టేస్తాడు కదూ, వదినా?" అని అడిగితే గానీ కదలడు. నవ్వి ఊరుకుంటున్నాను.

ఆయన ఎడమ కన్ను మసకబారింది డాక్టరు గారూ. ఆ పక్కన మంచినీళ్ల గ్లాసు పెడితే చెయ్యి తగిలి ఒలికిపోతోంది. ఆ వైపు నుంచి పిలిస్తే ఉలిక్కిపడుతున్నారు. ఇంకో గట్టి దెబ్బ తగిలితే ఆ కన్ను దక్కదని బయట చూపించిన డాక్టరు చెప్పారు. "ఈ ఒక్క పోటీ అయిపోనీ. అప్పటిదాకా నోరు మెదిపావంటే నా మీద ఒట్టే" అన్నారు ఈయన. నోరు మెదపలేదు, రాస్తున్నాను.

రేపు ఉదయం మీరు కంటి పరీక్ష చేసేటప్పుడు, దయచేసి గోడకున్న ఆ పాత అక్షరాల అట్ట తీసేసి వేరేది పెట్టండి. పోయినసారి ఒక్క తప్పు లేకుండా చదివారని మెచ్చుకున్నారట. అది చదవడం కాదండీ. రోజూ తెల్లవారుజామున స్కిప్పింగ్ చేస్తూ ఆయన వల్లించేది ఆ వరసలే.

రేపు మా పాప కూడా నాన్న వెంట వస్తోంది. నా మాట మీద నమ్మకం కుదరకపోతే దాన్ని పక్కకు పిలిచి అడగండి. ఇంకా బడి మొహమే చూడని పిల్ల, మీ గోడ మీది అట్టను పై వరస నుంచి కింది దాకా కళ్లు మూసుకుని అప్పజెబుతుంది.