రాస్ కొండ మీద తీసిన ఫోటో

బావా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. సాయంత్రం నేనొక్కడినే రాస్ కొండ ఎక్కాను. మద్దిలపాలెంలో బస్సెక్కేటప్పుడు నా భుజాన చిన్న కెమెరా తప్ప ఇంకేమీ లేదు. స్టాండూ, లెన్సుల సంచీ ఇంట్లోనే వదిలేశాను. "అంత సామానేటి బావా, పెళ్లి తియ్యడానికెల్తన్నావేటి?" అని నువ్వు వెక్కిరించేవాడివి కదా.

పొద్దుగూకేసరికి పోర్టు క్రేన్లు నల్లబడ్డాయి. ఎదురుకొండ మీద లైట్‌హౌస్ వెలిగింది. దాన్ని తీద్దామని కెమెరా ఎత్తాను. కొండ మీది చర్చి మెట్ల మీద కూర్చున్న ఒక ముసలామె నన్ను పిలిచింది. హార్బరులో చేపలమ్ముతుందట.

"బాబూ, ఆ ఓడని తియ్యవా? మా మనవడు అందులో ఉజ్జోగానికి ఎల్తన్నాడు. ఇదే మొదటిసారి."

కింద ఓడ మెల్లగా సముద్రంలోకి పోతోంది.

"నువ్వూ నిలబడమ్మా. ఎనకాల ఓడ పడతాది" అన్నాను.

"నానెందుకు బాబూ? ఈ మొకం ఎవులు సూత్తారు?"

"నీ మనవడు సూత్తాడు."

ఆమె లేచి, కొంగు సర్దుకుని నిలబడింది. వెలుతురు తగ్గిపోయింది, ఆమె ముఖం మీదే ఫోకస్ పెట్టి తీశాను. ఓడ మసకగానే వచ్చింది గానీ ఆమె ముఖం బాగా తెలుస్తోంది. ప్రింటు తీసి హార్బరుకే తెచ్చిస్తానని చెప్పాను.

ఇంటికొచ్చి, మనిద్దరం తిరిగిన సాయంత్రాల ఫోటోలన్నీ మళ్లీ చూశాను. బీచిరోడ్డు సబ్‌మెరైను ఉంది, హార్బరు ఉంది, పాత ఆసుపత్రి గడియారం కూడా ఉంది. నువ్వు ఒక్కదాంట్లోనూ లేవు. నిన్ను తియ్యాలని నాకెప్పుడూ తోచలేదు. గోడ మీద ఫ్రేముకి నీ ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేయించాం. అక్క రోజూ దాన్నే తుడుస్తోంది.