మూడో కౌంటరు మీద బఠాణీ

మార్చి 3, సోమవారం, పొద్దున పదకొండు

రాసుకో అమ్మాయ్. నేను చెప్పింది చెప్పినట్టే రాసుకో, మధ్యలో నీ మెరుగులు పెట్టకు.

కింద వాటాలో బట్టలు కుట్టే ఈ అమ్మాయి తన కొలతల పుస్తకంలో వెనక పేజీలు నాకిచ్చింది. నాకు అక్షరం ముక్క రాదు. డెబ్బై నాలుగేళ్ళు రాకుండానే బతికాను, ఎవడి ముందూ నోరు మూసుకోలేదు. ఇది ఎవరికీ పంపేది కాదు. రేపు ఎవరైనా ఆ ముసలిది గొడవ చేసిందంటే, ఎందుకు చేసిందో ఒకచోట ఉండాలి. అంతే.

మా సందు చివరి కొట్టు మూసేశారు. అందుకని ఇవాళ మొదటిసారి మెయిన్ రోడ్డు మీద పెద్ద స్టోరుకి వెళ్ళాను. ఉప్పు, పంచదార, బట్టల సోడా. మూడో కౌంటరు దగ్గర లైన్లో నిలబడ్డాను. కౌంటరు పిల్ల సరుకులన్నీ మెషీను ముందు కీచుమనిపించి, బామ్మగారూ, పిల్లల ఆసుపత్రికి డొనేషన్ ఏమైనా ఇస్తారా అని అడిగింది. అడిగి, పక్కన నిలబెట్టిన అట్ట కార్డు చూపించింది.

కార్డు మీద మా బఠాణీ.

నా మనవరాలు. ఆరేళ్ళది. పుట్టినప్పుడు గుప్పెడే ఉంది, అందుకని బఠాణీ. నేను అల్లిన పసుపుపచ్చ ఉన్ని టోపీ ఒక కంటి మీదకి జారి ఉంది. ముందు పన్ను లేదు. నవ్వుతోంది. అది పోయి ఐదు నెలలు. దాన్ని చూపించి నన్నే అడుగుతున్నారు.

సరుకులు అక్కడే వదిలేసి వచ్చాను.

నా భయం నా గురించి కాదు, నా కోడలి గురించి. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే పాప ఫొటోలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఏడవలేదు. పాప మాట ఎత్తలేదు. హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది, ఇంటికొస్తుంది, గోడవైపు తిరిగి పడుకుంటుంది. నా కొడుకు లారీ మీద తిరిగి నెలకోసారి వస్తాడు, వాడూ మాట్లాడడు. ఆ కార్డు కోడలి కంట పడిందా, నిలువునా కూలిపోతుంది. పడకముందే తీయించాలి.

మార్చి 5, బుధవారం

మేనేజరుని కలిశాను. టై బిగించుకుని ఊపిరాడనట్టున్నాడు. కూర్చోండి బామ్మగారూ అన్నాడు. కూర్చోవడానికి రాలేదు, కార్డు తియ్యి అన్నాను. కార్డులు ఆసుపత్రి వాళ్ళు పంపారట. నెలాఖరుదాకా ఉంటాయట. ఇంట్లో వాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టినవేనట.

ఆసుపత్రిలో కోడలు లోపల పాప దగ్గర ఉంటే, బయట కాగితాల మీద వేలిముద్రలు వేసింది నేనే. మందుకొకటి, సూదికొకటి. ఏం రాసుందో చదివి చెప్పమని అడగలేదు. అడిగే టైమా అది? వాటిలో ఇదీ ఒకటై ఉంటుంది. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను.

వేసినదాన్ని నేనే, వెనక్కి తీసుకునేదాన్నీ నేనే అన్నాను. ఆసుపత్రిని కనుక్కుని చెబుతానన్నాడు.

ఇకమీదట సరుకుల పని నాదని ఇంట్లో చెప్పాను. మీ మోకాళ్ళు ఒప్పుకోవు అత్తయ్యా అంది కోడలు. నా మోకాళ్ళతో నేను మాట్లాడుకుంటాలే అన్నాను.

మార్చి 7, శుక్రవారం

కోడలు ఇంకో సబ్బు తెచ్చింది. ఆకుపచ్చ కాగితం సబ్బు. నెల నుంచి ప్రతి శుక్రవారం ఇదే తంతు. గూట్లో ఇది ఐదోది. బురదలో దొర్లే వాళ్ళెవరూ లేరే మా ఇంట్లో.

మార్చి 10, సోమవారం

గెలిచాను.

కౌంటరు పిల్ల మళ్ళీ అడిగింది. అడక్కపోతే ఉద్యోగం ఊడుతుందట, పైన కెమెరా చూస్తుందట. కార్డు బోర్లా పెట్టాను. నిలబెట్టింది. మళ్ళీ బోర్లా పెట్టాను. మళ్ళీ నిలబెట్టింది. లాక్కుని సంచిలో వేసుకున్నాను. గేటు దగ్గర గార్డు పరిగెత్తుకొచ్చాడు. ముట్టుకో చూద్దాం అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఈ అమ్మాయి అవి రాయనంటోంది. ఆ పిల్ల పోయి ఐదు నెలలైందిరా, ఎవరి కోసం అడుక్కుంటున్నారు అని అరిచాను. కౌంటరు పిల్ల ఏడ్చింది.

మేనేజరు లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చాడు. ఆసుపత్రికి ఫోన్ చేశాడు. నానమ్మ కూడా ఇంటి మనిషే, వద్దంటే తీసేయండి అన్నారట. ఒక కాగితం చదివాడు. ఈసారి రెండుసార్లు చదివించుకుని మరీ వేలిముద్ర వేశాను. నా కళ్ళ ముందే ఆరు కౌంటర్ల మీదా తీసేశారు. సంచిలోది నాకే వదిలేశాడు.

పరుపు కింద పెట్టాను. బొమ్మ కింద ఏవో అక్షరాలున్నాయి. ఏముంటుంది, చెయ్యి చాపడమే.

మార్చి 14, శుక్రవారం

సబ్బు లేదు. కోడలు చెప్పులు విప్పకుండా కుర్చీలో కూర్చుంది. ఒంట్లో బాగాలేదా అన్నాను. బాగానే ఉంది అత్తయ్యా అంది. ఏమీ తినలేదు.

మార్చి 15, శనివారం, మధ్యాహ్నం

పంచదార కోసం వెళ్ళాను. నన్ను చూడగానే కౌంటరు పిల్ల లేచి నిలబడింది. బామ్మగారూ, కోప్పడనంటే ఒక మాట అంది. కోప్పడతానో లేదో విన్నాక చెబుతాను అన్నాను.

ప్రతి శుక్రవారం ఒకావిడ వస్తుందట. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ. ఒక్కటే సబ్బు కొంటుందట. మిగతా కౌంటర్లు ఖాళీగా ఉన్నా మూడోదాని దగ్గరికే వస్తుందట. ఇక్కడొక్కచోటే కార్డు లైను వైపు తిరిగి ఉండేదట. తన వంతు రాగానే, మీరు వెళ్ళండి, నాకు తొందర లేదు అని వెనకున్న వాళ్ళని ముందుకి పంపేదట. నలుగురినీ ఐదుగురినీ పంపి అలాగే నిలబడేదట. డొనేషన్ అడక్కముందే ఇచ్చేదట.

నిన్న వచ్చి, కార్డేదీ అని అడిగిందట. పాప నానమ్మగారు వచ్చి తీయించారండీ అని చెప్పిందట ఈ పిల్ల. ఆవిడ సబ్బు తీసిన చోటే పెట్టేసి వెళ్ళిపోయిందట.

నా చేతి పక్కనే, లైన్లో నిలబడితే అందేంత దగ్గర, ఆకుపచ్చ సబ్బులు పేర్చి ఉన్నాయి.

అన్నీ తెలిసే ఇంటికొచ్చింది. తెలిసే బాగానే ఉంది అత్తయ్యా అంది.

పరుపు కింది కార్డు తెచ్చి ఈ అమ్మాయి చేతిలో పెట్టాను. తనలో తనే చదువుకుంది. పైకి చదవవే అని కసిరాను. చదివింది. అది కూడా ఇక్కడ రాయించాను:

పాప నెత్తిన ఉన్న టోపీ వాళ్ళ నానమ్మ అల్లింది. ఆఖరిదాకా మా పాపకి చలి వేయలేదు. మిగతా పిల్లలకి కూడా వేయకుండా చూడండి. ఇట్లు, పాప అమ్మ.

కింద కోడలి సంతకం. నేను వేలిముద్ర వేసిన వాటిలో ఆ కాగితం లేనే లేదు.

చాలు. మూసెయ్ పుస్తకం.

మార్చి 17, సోమవారం

నేను చెప్పలేదు. కోడలు అడగలేదు.

మార్చి 18, మంగళవారం

మేనేజరు ముందు కూర్చున్నాను. ఈసారి కూర్చోమనకుండానే. ఆ కార్డులు మళ్ళీ పెట్టు నాయనా అన్నాను. తీసిన కార్డులన్నీ ఉన్న అట్టపెట్టె ఆసుపత్రికి వెళ్ళిపోయిందట. అక్కడ చించేసి ఉంటారట. నీ మీద అరిచినదానికి ఏమనుకోకు అన్నాను. మా అమ్మ కూడా అలాగే అరుస్తుందండీ అన్నాడు.

మూడో కౌంటరు మీద వేరే కార్డు. ఎవరో పిల్లాడు, ముక్కులో గొట్టం. కౌంటరు పిల్ల నా మొహం చూసి అడగడానికి నోరు రాక నిలబడింది. అడుగమ్మా, నీ ఉద్యోగం ఊడుతుంది అన్నాను. అడిగింది. ఇచ్చాను. వాడికి టోపీ లేదు.

మార్చి 21, శుక్రవారం

గూట్లో సబ్బులు పక్కకి జరిపి, మధ్యలో బఠాణీని నిలబెట్టాను. గుమ్మం వైపు తిప్పి.

కోడలు వచ్చింది. చెప్పులతోనే గూటి ముందు నిలబడిపోయింది. నేను వెళ్ళి వెనకాల నిలబడ్డాను.

తల తిప్పకుండా పక్కకి జరిగింది. మీరు ముందుకి రండి అత్తయ్యా, నాకు తొందర లేదు, అంది.