కప్పుకి స్వెట్టరు

ఉల్విక్, మార్చి 3
చిరంజీవి తూరిల్‌కి అమ్మమ్మ ఆశీస్సులు. నేనూ మేకలూ క్షేమం. మా అమ్మ మా అక్కాచెల్లెళ్ళకి చెరో కప్పు ఇచ్చింది కదా. "నాది వెండి, నీది తగరం" అంది మీ చిన్నమ్మమ్మ గున్వోర్. నేనూ అదే మాట తిప్పి అన్నాను. అంతే, మూడేళ్ళుగా కాఫీకి రావడంలేదు. ఒక్కదాన్నే వాఫుల్స్ తినలేకపోతున్నానే. వేడితో లోహాన్ని పరీక్షించే పద్ధతేదో ఉందట, రాసి పంపు.
మీ అమ్మమ్మ బోర్గిల్డ్
తా.క.: ఆ పద్ధతే కావాలి. ఇంకోటి రాయకు.

బెర్గెన్, మార్చి 9
అమ్మమ్మకి నమస్కారాలు. ఒక్కో లోహం ఒక్కోలా వేడి తాగుతుంది. కప్పు తూచి, మరిగే నీళ్ళలో ఉంచి, తీసి, చన్నీళ్ళ గిన్నెలో వెయ్యి. ఆ నీళ్ళు ఎన్ని డిగ్రీలు వేడెక్కాయో చూడు. నీటికి ఒకటి అనుకుంటే వెండికి 0.056 రావాలి. లెక్క వెనకవైపు రాశాను. వేడి పోకుండా ఊలు తొడుగు వెయ్యి.
నీ తూరిల్
తా.క.: జామ్ కాచే థర్మామీటరు చాలు.

ఉల్విక్, మార్చి 20
చిట్టితల్లీ, 0.4 వచ్చింది! తొడుగు అల్లడానికే వారం పట్టింది. కప్పు పిడికి కూడా చెయ్యి అల్లాను. తొడిగి, అలాగే మరిగించాను.
అమ్మమ్మ
తా.క.: స్వెట్టరు బిగుసుకుపోయింది. కప్పు బయటికి రావట్లేదు.

బెర్గెన్, మార్చి 25
అమ్మమ్మా! తొడుగు కప్పుకి కాదు, గిన్నెకి! తడిసిన ఊలు మరిగే నీళ్ళని మోసుకొచ్చింది. కత్తిరించి తీసి, ఈసారి కప్పుకున్న నీళ్ళు దులిపి మళ్ళీ చెయ్యి.
నీ తూరిల్
తా.క.: వెండి అంత వేడి తాగితే నన్నిప్పుడే ప్రొఫెసర్ని చేసేస్తారు.

ఉల్విక్, ఏప్రిల్ 4
0.055! గున్వోర్‌కి కబురు పెట్టాను. తన కప్పు పట్టుకుని పడవెక్కి వచ్చేసింది. "నాదీ ముంచు, చూద్దాం" అంది. దానికీ 0.055! ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. నా ప్రాణం కుదుటపడింది.
అమ్మమ్మ
తా.క.: తొమ్మిది వాఫుల్స్ తింది. అందులో ఆరు నావి.

బెర్గెన్, ఏప్రిల్ 10
అమ్మమ్మా, నన్ను క్షమించు. పట్టిక మళ్ళీ చూశాను. తగరానికి 0.054. మన పరీక్షకి ఆ రెంటికీ తేడా తెలీదు. కప్పుని నీళ్ళలో వేలాడదీసి తూస్తే ఏ లోహమో తెలిసిపోతుంది. చిన్నమ్మమ్మకి ఎలా చెప్తావో ఏమో!
సిగ్గుతో, తూరిల్

ఉల్విక్, ఏప్రిల్ 16
పిచ్చిపిల్లా, నీ పాత సైన్సు పుస్తకం మా అటకమీదే ఉంది. వెండీ తగరం అంకెలు దగ్గరదగ్గరగా ఉండటం చూశాకే నీకు మొదటి ఉత్తరం రాశాను. నాది తగరమేనని అమ్మ ఇచ్చినరోజే చెవిలో చెప్పింది. గున్వోర్‌ది వెండే కావచ్చు, ఉండనీ. ప్రతి ఆదివారం వస్తోంది, నాకదే చాలు. నా మోకాళ్ళు బాగాలేవని ఈ ఉత్తరం తనే పోస్టు చేస్తానంది. గట్టిగా అంటించే ఇస్తున్నాను.
హాయిగా ఉన్న మీ అమ్మమ్మ

తా.క.: తూరిల్, నేను గున్వోర్‌ని. కెటిల్ ఆవిరికి కవరు ఇట్టే ఊడింది. నాదీ తగరమే, అమ్మ నా చెవిలోనూ చెప్పింది. అక్కతో అనకు. వెండి కప్పులో పోస్తున్నానని మురిసిపోతూ నాకు కాఫీ పోస్తోంది.