కవరులో నూలు పోగు

రిసార్టు మేనేజరు గారికి,

నగరి నుంచి రాస్తున్నాను. మీ దగ్గర వీల్‌చైరుకు ఇబ్బందే ఉండదని ఫోనులో అన్నారు. పోయినేడు ఒక లాడ్జివాళ్లూ అలాగే అన్నారు. తీరా వెళితే కుర్చీ బాత్రూం తలుపులో పట్టలేదు. ఎవరో ఇద్దరు మగవాళ్లు మా అమ్మను ఎత్తి తీసుకెళ్తూ జారవిడిచారు. ఆ రోజంతా ఆమె నా ముఖం చూడలేదు.

అంగుళాలు చెబితే మీరు చూడకుండానే సరే అంటారని నా భయం. మేం మగ్గాల వాళ్లం, అందుకే కవరులో పడుగు నూలు పోగు పెట్టాను. రెండు ముడుల మధ్య ఉన్నది అమ్మ కుర్చీ వెడల్పు, పక్కన చక్రాలు తిప్పే చేతులకు కావలసిన చోటుతో సహా. బాత్రూం తలుపు తీసి, అడ్డంగా మీరే పట్టి చూడండి. పోగు కాస్త వదులై వేలాడినా దయచేసి మమ్మల్ని రమ్మనకండి.

సముద్రం చూడాలన్నది అమ్మ కోరికే. కానీ రూము వెతుకుతున్నానని చెప్పినప్పటి నుంచి ఆమె నీళ్లు సరిగా తాగడం లేదు. ఎందుకమ్మా అని అడిగాను.

"ఆడికి పోయినాక బాత్రూముకు పోయే పని పడకూడదు గదా. ఇప్పట్నించే అలవాటు చేసుకుంటా ఉండాను" అంది.

త్వరగా జవాబు రాయండి.

ఇట్లు,
ప్రసూనాంబ కూతురు